'బాగుంది' అంటే సరిపోదు, ఎందుకో చెప్పాలి

మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక చిత్రమైన అలవాటు ఉంది. ఏదైనా కథ చదివించి "ఎట్లుంది?" అని అడిగితే తెలుగులో "బాగుంది సార్" అంటారు. "ఎందుకు బాగుంది?" అని అడిగితే "కారణ్..." అని మొదలుపెట్టి, అక్కడి నుంచి మరాఠీలోకి జారిపోతారు. మరాఠీ రావడం తప్పు కాదు. సగరోళిలో బతికేవాడికి అది అన్నం పెట్టే భాష. మమ్మల్ని ఆలోచింపజేసింది వేరే సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగులో చదివే పిల్లకు తన అభిప్రాయానికి కారణం చెప్పడానికి మాత్రం తెలుగు చాలడం లేదు. పాఠంలో ఉన్నది అప్పజెప్పడానికి చాలుతున్న తెలుగు, తన మనసులో ఉన్నది చెప్పడానికి ఎందుకు చాలడం లేదు?

వేసవి సెలవుల్లో మేము నలుగురు ఉపాధ్యాయులం కూర్చుని దీన్నే మాట్లాడుకున్నాం. చివరికి తప్పు మా వైపే కనిపించింది. పుస్తకం మీద అభిప్రాయం రాయమంటే బీఈడీ రోజుల నుంచి మేము రాస్తున్నవి మూడే ముక్కలు: భాష సరళం, పాత్రలు సజీవం, అందరూ చదవదగినది. పిల్లలూ అవే ఎక్కించుకుంటున్నారు. అందుకని ముందు మేమే కొన్ని నవలలు చదివి, ఒకరికొకరం మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పుకోవాలనుకున్నాం. రెండు రకాలు ఎంచుకున్నాం. ఒకటి ఉత్కంఠ నవల, ఎందుకంటే చదివే అలవాటు పోయినవాడి చేత కూడా పేజీ తిప్పించేది అదే. రెండోది క్రైస్తవ జీవితం, క్రైస్తవ విశ్వాసం ఉన్న నవల, ఎందుకంటే మా తరగతిలో కొందరు పిల్లల ఇళ్లలో ఉన్న ఆ జీవితం మా బీరువాలోని ఏ పుస్తకంలోనూ లేదు.

బోధన్, నిజామాబాద్ వెళ్లినప్పుడల్లా ఒకటి రెండు పాత పుస్తకాలు తెచ్చుకున్నాం. ఒకటి నాందేడ్‌లోని మిత్రుడి దగ్గర మరాఠీలో దొరికింది. చదివినవాటి గురించి మా మాట ఇది.

భయపెట్టిన తులసి

మొదట యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు తెలుగునాట ఇల్లిల్లూ చదివిన నవల. ఒక చిన్నపాప మీద చేతబడి జరుగుతుంది. ఒకవైపు డాక్టర్లు, మానసిక శాస్త్రం తెలిసినవాళ్లు, మరోవైపు మంత్రగాళ్లు. పాప బతుకుతుందా అన్నది కథ.

నిజం చెప్పాలంటే మాలో ఇద్దరం రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా వదల్లేదు. ప్రతి అధ్యాయం చివర తర్వాతి అధ్యాయానికి కొక్కెం వేసి ఉంటుంది. వారం వారం పాఠకుణ్ని నిలబెట్టాల్సిన సీరియల్ నేర్పిన పని అది. వాక్యాలు పొట్టివి, చదవడానికి ఎక్కడా అడ్డం పడవు. తెలుగు చదవడం మళ్లీ అలవాటు కావాలంటే దీనికి మించిన మందు లేదని ఒక మిత్రుడు అన్నారు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

కాని మా అభ్యంతరమూ చెప్పాలి. పాపకు వచ్చింది జబ్బా, చేతబడా అన్న ప్రశ్నకు నవల రెండు తలుపులూ తెరిచే ఉంచుతుంది. పెద్దవాళ్లకు అదొక ఆట. చేతబడి ఉందని ఇంట్లో నమ్మే పిల్లకు మాత్రం ఆ రెండో తలుపు ఒక్కటే కనిపిస్తుంది. మనం ఉన్నది మహారాష్ట్రలో. మూఢనమ్మకాల మీద జీవితమంతా పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోళ్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ తర్వాత కొద్ది రోజులకే చేతబడి, నరబలి వంటి అమానుష ఆచారాల మీద ఆర్డినెన్సు, ఆ ఏడాది చివర్లో చట్టం వచ్చాయి. మంత్రం పేరుతో మనిషిని కొట్టినా, భయపెట్టి డబ్బు గుంజినా ఇక్కడ నేరం. ఆ చట్టం ఉన్న రాష్ట్రంలో ఈ నవల చదివిన పిల్లతో ఆ చట్టం గురించి కూడా మాట్లాడాలి. అందుకే దీన్ని పిల్లల బీరువాలో పెట్టలేదు, మా గదిలో ఉంచాం. పదో తరగతి దాటినవాళ్లు అడిగితే ఇస్తాం, చదివాక వచ్చి మాతో మాట్లాడాలన్న షరతు మీద.

వాదించే నవల, వాదించని నవల

అదే రచయిత 'అభిలాష' మీద మాకు ఇంత గొడవ రాలేదు. మరణశిక్ష పోవాలని కోరుకునే ఒక కుర్ర న్యాయవాది, నిర్దోషికి కూడా ఉరి పడవచ్చని నిరూపించడానికి తానే ఒక హత్య కేసులో ఇరుక్కునే పథకం వేస్తాడు. పథకం అడ్డం తిరుగుతుంది. 1983లో సినిమాగా వచ్చింది కాబట్టి చాలామంది తల్లిదండ్రులకు కథ తెలిసే ఉంటుంది.

దీనిలో ఉత్కంఠ వెనక ఒక నిజమైన ప్రశ్న ఉంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను పూర్తిగా తోసిపుచ్చలేదు, అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని చెప్పింది. ఆ వాదన దేశంలో నలుగుతున్న కాలపు నవల ఇది. పిల్లలు దీన్ని చదివి రెండు జట్లుగా విడిపోయి వాదించుకోవచ్చు. లోపం ఏమిటంటే, హీరోకు కావలసిన చోట కావలసిన మనిషి తగులుతూ ఉంటాడు. యాదృచ్ఛికం ఒకసారి అయితే నమ్ముతాం, మూడోసారికి రచయిత చెయ్యి కనిపిస్తుంది. అయినా తొమ్మిది, పది తరగతుల బీరువాలో ఉండదగ్గదే.

డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' మాత్రం మమ్మల్ని వేరే విధంగా పట్టుకుంది. ఇందులో హత్య లేదు, మంత్రం లేదు. పంది అడవిలో తప్పిపోతే వెతుక్కుంటూ పోయిన ఒక ముసలివాడు, ఒక రాత్రి. అంతే. పేజీలు తక్కువ, కాని చదువుతుంటే గొంతు తడారిపోతుంది. ఉత్కంఠకు దొంగలు, పోలీసులు అక్కర్లేదని, ఒక బీదవాడి బతుకుదెరువు పోతుందా ఉంటుందా అన్నదే చాలని ఈ పుస్తకం చూపించింది. దానిలోని చిత్తూరు మాట మా పిల్లలకు మొదటి పది పేజీలు కొరకరాని కొయ్యే. మేము గట్టిగా చదివి వినిపించాక వాళ్లే అందుకున్నారు.

పూర్తయ్యాక ఒక అమ్మాయి లేచి, "సార్, పేరులో జయించిండని ఉంది గని, గెలిచినట్టు నాకైతే అనిపిస్తలేదు" అంది. "ఎందుకు?" అన్నాం. ఈసారి 'కారణ్' రాలేదు. "ఎందుకంటే..." అని మొదలుపెట్టి, ఆగి ఆగి, అయిదారు వాక్యాలు తెలుగులోనే చెప్పింది. ముగింపు ఇంతకు మించి చెప్పం, మీరే చదవండి. మా వేసవి అంతటికీ దక్కిన ఫలం మాత్రం ఆ అయిదారు వాక్యాలే.

ఈ రచయిత మనకు ఎంత దగ్గరివాడో కూడా చెప్పాలి. చిత్తూరు జిల్లాలో పుట్టిన కేశవరెడ్డి వైద్యుడిగా పనిచేసింది నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో. మనకు మంజీర అవతల బోధన్, అది దాటితే నిజామాబాద్, డిచ్‌పల్లి. ఆ ఆసుపత్రిని గత శతాబ్దం మొదట్లో స్థాపించినవాళ్లు మెథడిస్టు క్రైస్తవ మిషనరీలు. ఊళ్లు వెలివేసిన రోగులను చేర్చుకున్న చోటు అది. ఊరు పట్టించుకోని మనుషుల గురించే రాసిన ఈ వైద్య రచయిత 2015లో నిజామాబాద్‌లో కన్నుమూశారు.

బోధించే కథ, బతికిన కథ

ఇక క్రైస్తవ నవలల సంగతి. మేము మరాఠీలో చదివింది బాబా పద్మన్‌జీ 'యమునా పర్యటన్'. 1857లో అచ్చయింది. మరాఠీలో మొదటి నవలగా చాలామంది దీన్నే చెబుతారు. అంటే మన రాష్ట్ర భాషలో నవల పుట్టిందే ఒక క్రైస్తవ నవలగా. రచయిత అంతకు మూడేళ్ల ముందే క్రైస్తవం తీసుకున్నాడు. యమున అనే యువతి భర్తతో ఊళ్లు తిరుగుతూ వితంతువుల కష్టాలు వింటుంది, చూస్తుంది. తర్వాత తానూ భర్తను పోగొట్టుకుంటుంది. వితంతు వివాహ చట్టం వచ్చింది 1856లో. మరుసటి ఏడాదే ఈ పుస్తకం రావడం ఎంత తెగువో ఊహించుకోవచ్చు.

ఇక్కడ మాలో ఒక తమాషా జరిగింది. మా నలుగురిలో క్రైస్తవ మిత్రుడు ఒకరు, "నాకు విసుగొచ్చింది. కథ నడుస్తుంటే మధ్యలో ప్రసంగం, మళ్లీ కథ, మళ్లీ ప్రసంగం. ఆదివారం గుడిలో వినేదే మళ్లీ చదివినట్టుంది" అన్నారు. రోజూ పూజ చేసుకుని బడికి వచ్చే మరో మిత్రురాలు, "ప్రసంగాలు దాటేసి చదవండి. ఆ విధవల మాటలు మా నాయనమ్మ చెప్పినవే" అని ఆ నవలను వెనకేసుకొచ్చారు. ఎవరు ఏ మతం కాబట్టి ఏ పుస్తకం మెచ్చుకుంటారో ముందే లెక్కగట్టడం ఎంత పొరపాటో ఆ రోజు తెలిసింది. మా ఉమ్మడి అభిప్రాయం: చరిత్రగా విలువైనది, కథగా బరువైనది. ముగింపు ఏమవుతుందో సగంలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే రచయితకు జవాబు ముందే తెలుసు, మనల్ని అక్కడికి నడిపించడమే ఆయన పని.

జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' దీనికి పూర్తిగా ఎదురు. 2000లో పుస్తకంగా వచ్చింది, ఇంగ్లీషులోకీ వెళ్లింది. రచయిత విప్లవ సాహిత్యోద్యమానికి చెందినవారు, మత ప్రచారం ఆయన ఉద్దేశం కాదు. అయినా తెలుగు దళిత క్రైస్తవుల బతుకు ఇంత లోతుగా వచ్చిన నవల మాకు మరొకటి కనిపించలేదు. రూతు అనే ముసలామె జ్ఞాపకాల్లోంచి తరాల కథ నడుస్తుంది. పాట కట్టే ఎల్లన్న, పెద్ద కరువు, పని కోసం పోయిన చోట కూడా వెంటపడే కులం, మిషన్ నీడన దొరికిన కొత్త పేర్లు, కొత్త పేరు పెట్టుకున్నా పోని పాత అవమానం.

ఆ కరువు కల్పితం కాదు. 1876-78 మధ్య దక్షిణాదిని ఊడ్చేసిన కరువు అది. అప్పుడు ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసమే మారారని కొందరు, ఆత్మగౌరవం కోసమని కొందరు, విశ్వాసమేనని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. నవల ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని ఊగదు. ఎల్లన్న పాట, ఆకలి, అవమానం పక్కపక్కన పెట్టి మన వైపు చూస్తుంది.

దీనిలో మాకు నచ్చనిదీ చెప్పాలి. మొదటి సగంలో పాట ఉంది, వీధి భాగవతం ఉంది, మనిషి వాసన ఉంది. చివరికి వచ్చేసరికి తరాలు పరుగెత్తుతాయి, పాత్రలు మనుషుల్లా కాక ఉపన్యాసాల్లా మాట్లాడతాయి. 'యమునా పర్యటన్'లో మత ప్రసంగం చేసిన పనిని ఇక్కడ రాజకీయ ప్రసంగం చేసింది. విశ్వాసం ఏదైనా, రచయిత తన జవాబును పాత్రల నోట్లో కుక్కినప్పుడు కథ ఊపిరి తగ్గుతుంది. ఈ మాట రెండు పుస్తకాలకూ సమానంగా వర్తిస్తుంది. పెద్దలు తప్పక చదవాల్సిన నవల ఇది. పిల్లలకైతే మొదటి భాగం నుంచి కొన్ని ఘట్టాలు చదివి వినిపిస్తే చాలు.

రెండూ వేరు కాదు

ఈ రెండు రకాలు ఒకదానికొకటి దూరం అనుకుని మొదలుపెట్టాం. ముగించేసరికి అంత దూరం కనిపించలేదు. క్రైస్తవ ఇళ్లలో 'యాత్రికుని ప్రయాణం'గా తెలిసిన జాన్ బన్యన్ పుస్తకం 1678లో వచ్చింది. వీపు మీద మూటతో ఒకడు బయలుదేరతాడు. దారిలో బురద, సంత, నిరాశ అనే రాక్షసుడి కోట. చేరతాడా లేదా? జేబులో ఉన్న తాళంచెవి సంగతి మరిచిపోయి చెరలో కూర్చున్న ఘట్టం ఏ ఉత్కంఠ నవలకూ తీసిపోదు. ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ 1910లో మొదలుపెట్టిన కథల్లో అపరాధ పరిశోధకుడు ఒక చర్చి ఫాదరే. మనుషుల ఒప్పుకోళ్లు విని విని పాపం ఎలా పుడుతుందో తెలిసినవాడు కాబట్టి ఫాదర్ బ్రౌన్ నేరస్థుణ్ని పట్టుకుంటాడు.

మన తెలుగు నవల పుట్టుకలోనూ ఈ కలయిక ఉంది. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ గోల్డ్‌స్మిత్ రాసిన ఒక క్రైస్తవ మతగురువు కుటుంబ కథ. కందుకూరి దాన్ని గోదావరి ఒడ్డుకు తెచ్చి, మన ఇంటి మనుషుల్ని పెట్టి, దారిలో దొంగల్నీ మోసగాళ్లనీ నడిపించాడు. తెచ్చుకున్నదాన్ని మనది చేసుకోవడం మన భాషకు కొత్త కాదు.

సార్, మార్కులొస్తయా?

ఒక తండ్రి బడికి వచ్చి అడిగారు: "సార్, గీ నవలలు సదివితే మార్కులొస్తయా?" ఆయన అడిగింది న్యాయమే. రోజు కూలి వదులుకుని బిడ్డను చదివిస్తున్న మనిషి అడగాల్సిన ప్రశ్నే. మా జవాబు: వస్తాయి, కాని నవల పేరుతో కాదు. సొంత మాటల్లో రాయమన్న ప్రతి ప్రశ్న దగ్గర మన పిల్లలు మార్కులు పోగొట్టుకుంటున్నారు. సొంత మాట నవలతో వస్తుంది, గైడుతో రాదు.

ఇంకొకరు నెమ్మదిగా, "బడిలో మతం పుస్తకం ఎందుకు మేడం?" అని మా మిత్రురాలిని అడిగారు. ఇదీ దాటేయదగ్గది కాదు. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. సాయం పొందే బడుల్లో కూడా ఇష్టం లేనివాణ్ని మతబోధకు కూర్చోబెట్టకూడదు. కాని నవల చదవడం మతబోధ కాదు. మనం పిల్లలకు హరిశ్చంద్రుడి కథ చెబుతాం, రంజాన్ గురించిన పాఠం చెబుతాం. క్రిస్మస్‌కు కొత్త బట్టలు వేసుకునే పిల్ల కూడా తన ఇంటిని పుస్తకంలో ఒక్కసారైనా చూసుకోవాలి కదా. పక్క బెంచీ పిల్ల ఆ ఇంట్లోకి తొంగి చూడాలి కదా. ఒక్క షరతు చాలు: ఏ పుస్తకాన్నైనా "నాకు నచ్చలేదు" అనే హక్కు ప్రతి పిల్లకూ ఉండాలి, పుస్తకం ఏ మతానిదైనా సరే. అభిప్రాయం చెప్పే హక్కు ఉన్నచోట బోధ నడవదు, చర్చే నడుస్తుంది.

మన పరిస్థితినీ గుర్తుచేసుకోవాలి. నాందేడ్ 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ రోజు గీత పడింది, మనం ఇటువైపు ఉండిపోయాం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని చెప్పే 350ఏ అధికరణ కూడా ఆ ఏడాదే రాజ్యాంగంలో చేరింది. బాలభారతి ఇప్పటికీ తెలుగులో పాఠ్యపుస్తకాలు వేస్తోంది. అంటే పాఠ్యపుస్తకం వరకు చట్టం మనల్ని తీసుకొచ్చింది. దాని తర్వాత పుస్తకం మనమే తెచ్చుకోవాలి. మా చిన్నప్పుడు చందమామ ఆ పని చేసేది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ 'ఇంకా ఉంది' దగ్గర ఆగితే నెలంతా ఎదురుచూసేవాళ్లం. సరిహద్దు ఇళ్లలో తెలుగు చందమామ, మరాఠీ చాందోబా రెండూ కనిపించేవి. ఇప్పుడు ఆ చందమామ రావడం లేదు. మరాఠీ పిల్లలకు భా. రా. భాగవత్ 'ఫాస్టర్ ఫేణే' సాహసాలు ఉన్నాయి, మన పిల్లలూ అవి ఇష్టంగా చదువుతారు, చదవాలి కూడా. వాటి పక్కన తెలుగు పుస్తకం కూడా ఒకటి ఉండాలన్నదే మా కోరిక.

అందుకని తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మా విన్నపం. నెలకు ఒక్క నవల చాలు. బడిలో పావుగంట గట్టిగా చదవండి, ఉత్కంఠ ఉన్నచోట ఆపేయండి. మిగతాది వాళ్లే చదువుతారు. చదివాక నాలుగే అడగండి: ఎక్కడ పుస్తకం వదలలేకపోయావు? ఎక్కడ విసుగొచ్చింది? ఎవరి మాట నమ్మలేకపోయావు? నువ్వయితే ఏం చేసేవాడివి? 'బాగుంది' అన్న జవాబును తీసుకోవద్దు. 'బాగాలేదు' అన్నా తీసుకోవద్దు. 'ఎందుకంటే' దాకా ఆగండి. ఇంట్లో అయితే అవ్వనో తాతనో పక్కన కూర్చోబెట్టండి, చదువు రానివాళ్లయినా వినగలరు, పోట్లాడగలరు.

మేము చదివిన అయిదు పుస్తకాల మీద మీకు వేరే అభిప్రాయం ఉండవచ్చు. 'తులసిదళం'ను దాచడం తప్పని మాలోనే ఒకరు ఇంకా వాదిస్తున్నారు. మీరూ చదివి మాతో పోట్లాడండి. పిల్లల ముందే పోట్లాడండి. పెద్దవాళ్లు ఒక పుస్తకం గురించి తెలుగులో కారణాలు చెప్పుకుంటూ వాదించుకోవడం వాళ్లు చూడాలి. మనం చూపించకపోతే వాళ్లు ఇంకెక్కడ చూస్తారు?